డొమైన్ కొన్నారు సరే, పేరెవరిది?

పెద్ద సంస్థల చూపు విశాఖపట్నం మీద పడింది. ఇక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి ఏఐ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో టీసీఎస్‌కు రుషికొండలో 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇంతటి సంస్థ ఊళ్లోకి వస్తోందని తెలియగానే దాని పేరు పక్కన ‘వైజాగ్’ అనో ‘జాబ్స్’ అనో ‘సర్వీస్’ అనో తగిలించి ఒక డొమైన్ (వెబ్‌సైట్ చిరునామాగా వాడే పేరు) కొని పెట్టుకుందామని కొందరికి తోస్తుంది. ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూగా ఖర్చు, అయిదు నిమిషాల పని. అలా కొనేవారందరూ మోసగాళ్లు కారు. ద్వారకానగర్‌లో ఏసీలు బాగుచేసే మెకానిక్, ఆటోనగర్‌లో విడిభాగాలు అమ్మే వ్యాపారి, ఎప్పటికైనా మంచి ధర పలుకుతుందని ఆశపడే బీటెక్ కుర్రాడు కూడా వారిలో ఉంటారు. చట్టం గురించి ఒక్క మాట చెప్పేవారు లేక వీరు చిక్కుల్లో పడతారు. మా ఆందోళన వీరి గురించే.

డబ్బు కట్టాం, బిల్లు వచ్చింది, పేరు మన ఖాతాలో కనిపిస్తోంది, కాబట్టి అది మనదే అని చాలామంది నమ్మకం. స్థలం రిజిస్ట్రేషన్‌కు అలవాటుపడిన మనకు ఆ మాట మీద గురి ఎక్కువ. డొమైన్ అమ్మే సంస్థ మాత్రం ఆ పేరు మీద ఎవరికి హక్కుందో చూడదు. ఖాళీగా ఉంటే ముందు అడిగినవారికి ఇచ్చేస్తుంది. అంతేకాదు, బాధ్యతంతా కొనేవారి నెత్తిన పెడుతుంది. మనం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ఒప్పందంలోనే ఆ షరతు ఉంటుంది. ‘నాకు తెలిసినంతలో ఈ పేరు ఇతరుల హక్కులకు భంగం కలిగించదు, అది తేల్చుకోవలసిన పూచీ నాదే, వివాదం వస్తే నిర్ణీత విచారణకు లోబడతాను’ అని మనమే రాసిచ్చినట్టు లెక్క. రేపు గొడవ వచ్చినప్పుడు కంపెనీ లాయరు మొదట చూపించేది ఆ కాగితాన్నే.

డొమైన్ కబ్జాల కోసం అమెరికా 1999లోనే విడిగా చట్టం చేసింది. అక్కడ ఒక్కో పేరుకు వెయ్యి నుంచి లక్ష డాలర్ల దాకా పరిహారం వేయవచ్చు. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. లేదు కదా అని ధీమా పడటం పొరపాటు. వ్యాపార గుర్తులను కాపాడే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం, దానితోపాటు ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణీ చేయకూడదన్న పాత న్యాయసూత్రం ఈ వివాదాలకు సరిపోతాయని సుప్రీంకోర్టు 2004 మే 6న తేల్చింది. ఆ కేసు మన తెలుగువారికి బాగా తెలిసిన కంపెనీదే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కుటుంబానికి చెందిన సత్యం ఇన్ఫోవే ‘సిఫీ’ పేరుతో డొమైన్లు నడుపుతుంటే, మరో సంస్థ ఒక అక్షరం అదనంగా చేర్చి దాదాపు అదే పేరుతో మొదలుపెట్టింది. మా ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే ఈ మాట వచ్చిందని వాదించింది. బెంగళూరు కోర్టు ఆ పేరు వాడొద్దని ఉత్తర్వు ఇస్తే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును మళ్లీ నిలబెట్టింది. డొమైన్ వట్టి చిరునామా కాదని, వ్యాపారాన్ని గుర్తుపట్టించే పేరు కూడా అని ధర్మాసనం చెప్పిన మాటే నేటికీ దేశంలోని కోర్టులన్నింటికీ ఆధారం.

అంతకు ముందే హైకోర్టులు ఇదే దారిలో నడిచాయి. 1999లో ఢిల్లీ హైకోర్టు ‘యాహూఇండియా’ పేరును ఆపేసింది. మాకూ అమెరికా కంపెనీకీ సంబంధం లేదని సైట్‌లోనే రాశాం కదా అన్న సమర్థన అక్కడ చెల్లలేదు. ఇంటర్నెట్‌లో పేరు టైపు చేసేవాడు ముందు పేరు చూసి వస్తాడు, కింద సన్నని అక్షరాల్లో ఉన్న గమనిక తర్వాతెప్పుడో చదువుతాడు. మన దగ్గర ఇప్పటికీ ఆ గమనికే రక్షణ కవచమన్నట్టు సలహా ఇచ్చే వెబ్ డిజైనర్లు ఉన్నారు. అదే ఏడాది బొంబాయి హైకోర్టు ‘రెడిఫ్’ను ‘రాడిఫ్’గా మార్చిన పేరును కూడా అడ్డుకుంది. 2001లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్స్ తన పేరుతో వేరొకరు నమోదు చేసుకున్న డొమైన్ మీద ఢిల్లీ హైకోర్టుకెళ్లి గెలిచింది. అక్షరం మార్చినా, ఊరి పేరు చేర్చినా అసలు పేరు చూసి జనం పొరబడే వీలుంటే చాలు, కోర్టు కలగజేసుకుంటుంది.

కోర్టు దాకా వెళ్లకుండానే పేరు లాక్కునే దారి కూడా కంపెనీల చేతిలో ఉంది. డాట్ కామ్ వంటి పేర్లకు, ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో ఆమోదించిన వివాద పరిష్కార విధానం వర్తిస్తుంది. ఫిర్యాదు చేసే కంపెనీ మూడు సంగతులు రుజువు చేయాలి. పేరు తమ మార్కును పోలి ఉందని, కొన్నవారికి దానిమీద న్యాయమైన ప్రయోజనం ఏదీ లేదని, దురుద్దేశంతో కొని దురుద్దేశంతోనే వాడుతున్నారని. జవాబు ఇవ్వడానికి ప్రతివాదికి ఉండేది 20 రోజులే. నోటీసు ఈమెయిల్‌లో వస్తుంది, ఇంగ్లిషులో ఉంటుంది. ఏదో ప్రకటన అనుకుని వదిలేస్తే అవతలివారి మాట మీదే తీర్పు వచ్చేస్తుంది. డాట్ ఇన్ పేర్లయితే వాటిని నిర్వహించే నిక్సీ సంస్థ నియమించే మధ్యవర్తి ముందు తేలుతాయి. అక్కడి నిబంధన ఇంకాస్త కఠినం. కొనడంలోనో వాడటంలోనో, ఏదో ఒక్కచోట దురుద్దేశం కనిపించినా సరిపోతుంది. సదుద్దేశంతో కొని ఖాళీ దొరికింది కదా అని తర్వాత దారి తప్పినవారు డాట్ ఇన్‌లో మరింత సులువుగా దొరికిపోతారు.

దురుద్దేశానికి అన్నింటికన్నా బలమైన సాక్ష్యం, కొన్నవారే స్వయంగా రాసే ఉత్తరం. ‘ఇంత ఇస్తే పేరు ఇచ్చేస్తా’ అని కంపెనీకి రాయడం వ్యాపారమని కుర్రాళ్లు అనుకుంటారు. మార్కు సొంతదారుకు ఖర్చుకు మించిన ధరకు అమ్మాలన్న ఉద్దేశమే దురుద్దేశానికి రుజువని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. 2024 అక్టోబరులో దేశమంతా మాట్లాడుకున్న జియోహాట్‌స్టార్ ఉదంతం గుర్తుండే ఉంటుంది. రెండు సంస్థలు కలుస్తాయని ముందే ఊహించి ఢిల్లీ యువకుడొకరు ఆ పేరు కొని పెట్టుకున్నాడు. కేంబ్రిడ్జ్ చదువుకు సుమారు కోటి రూపాయల ఫీజు కడితే ఇచ్చేస్తానని అడిగాడు. జియో యజమాని రిలయన్స్ ఒప్పుకోలేదని, చట్టపరమైన చర్య తప్పదని చెప్పిందని అతడే వెల్లడించాడు. తర్వాత ఆ పేరు దుబాయ్‌లోని ఇద్దరు పిల్లల చేతికి వెళ్లింది. వారు దాన్ని ఉచితంగానే ఇచ్చేస్తామన్నారు. చదువుకోవాలన్న ఆ యువకుడి తపన నిజమైనదే కావచ్చు, మేం దాన్ని తేలిక చేయడం లేదు. కానీ ఆ ఆశను చూసి విశాఖలో ఎవరైనా గూగుల్ పేరుతో అదే ప్రయత్నం చేస్తే వారికి ఎదురయ్యేది లాయర్ల దళమే.

ఇక నిజాయతీగా పనిచేసుకునే మెకానిక్ సంగతి. ఒక ఏసీ బ్రాండు పేరు, దాని వెనక ‘సర్వీస్‌వైజాగ్’ కలిపి డొమైన్ తీసుకున్నాడనుకుందాం. బాగుచేసేది ఆ బ్రాండు ఏసీలనే కదా, ఆ సంగతి చెప్పుకోవడం తప్పా? తప్పు కాదు. ఫలానా వస్తువులకు విడిభాగాలు మా దగ్గరున్నాయని చెప్పడానికి అవసరమైనంత మేర బ్రాండు పేరు వాడుకోవచ్చని ట్రేడ్‌మార్కుల చట్టం 30వ సెక్షన్ అంటోంది. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపో పరిధిలో 2001లో ఓకీ డేటా కేసు తీర్పు ఒక కొలబద్ద పెట్టింది. ఆ సరుకే నిజంగా అమ్ముతూ ఉండాలి, ఆ పేరుతో రప్పించి వేరే బ్రాండ్లు అంటగట్టకూడదు, కంపెనీతో తమ సంబంధం ఏమిటో సైట్‌లో ఉన్నదున్నట్టు చెప్పాలి, ఆ బ్రాండు పేరున్న డొమైన్లన్నీ గుత్తగా కొనేయకూడదు. మన మెకానిక్ సైట్ తెరిచి చూడండి. పైన కంపెనీ లోగో, కంపెనీ రంగులు, ‘ఆథరైజ్డ్’ అన్న మాట, కింద తన ఫోన్ నంబరు. ఫోన్ చేస్తే అన్ని బ్రాండ్లూ బాగుచేస్తామంటాడు. ఇక ఆ కొలబద్దకు అతడు నిలవడు. పని మీద తప్పు లేకపోయినా పేరు పెట్టుకున్న తీరు అతడిని దోషిని చేస్తుంది. పైగా చాలా సైట్లకు లోగో పెట్టింది, ‘ఆథరైజ్డ్’ అని రాసింది డిజైనరే. నోటీసు మాత్రం డొమైన్ ఎవరి పేరుతో ఉంటే వారికే వస్తుంది.

ఆ నోటీసు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. పేరు వెంటనే వాడటం మానాలి, డొమైన్ తమకు బదిలీ చేయాలి, ఇక ఎప్పుడూ వాడనని రాసివ్వాలి, ఇప్పటిదాకా సంపాదించిన దానికి లెక్క చెప్పాలి, లేకపోతే ఫలానా గడువు తర్వాత దావా. దావా వేస్తే తాత్కాలిక నిషేధం, పరిహారం లేదా లాభాల లెక్క 135వ సెక్షన్ కింద అడగవచ్చు. రిజిస్టర్డ్ మార్కు ఉన్న కంపెనీకి తను వ్యాపారం చేసే చోటే దావా వేసే వీలును 134వ సెక్షన్ ఇస్తోంది. దానికి సుప్రీంకోర్టు 2015లో కొన్ని హద్దులు పెట్టినా, గాజువాక వ్యాపారి ఢిల్లీకో ముంబయికో తిరగాల్సిన పరిస్థితి రావచ్చు. ప్రయాణాలూ ఫీజులూ కలిస్తే దుకాణం ఒక వేసవిలో సంపాదించింది పోతుంది.

ప్రతి నోటీసూ న్యాయమైనదని మేం అనడం లేదు. ఆధారం లేకుండా కోర్టుకీడుస్తామని బెదిరించే కంపెనీ మీద 142వ సెక్షన్ కింద ఎదురు దావా వేయవచ్చు. సొంత పేరును సద్బుద్ధితో వాడుకునేవారికి 35వ సెక్షన్ రక్షణ ఉంది. కానీ ఆ పోరాటం ఎంత కాలమో చూడాలంటే అమెరికాలోని ఉజి నిస్సాన్ ఉదాహరణ చాలు. నిస్సాన్ ఆయన ఇంటిపేరు. 1994లో తన కంప్యూటర్ వ్యాపారానికి ఆ డొమైన్ తీసుకుంటే, 1999లో కార్ల కంపెనీ దావా వేసింది. డొమైన్ చివరికి ఆయనకే మిగిలింది గానీ కేసు ఎనిమిదేళ్లు సాగింది. మన దగ్గర చిన్న వ్యాపారి అన్నేళ్లు నిలబడగలడా? నిలబడలేడని తెలిసే కొన్ని కంపెనీలు నిజాయతీగల రిపేరు షాపులకూ ఒకే మూస నోటీసు పంపుతాయి. అది అన్యాయం. లోగో తీసేయండి, ‘ఆథరైజ్డ్’ అనకండి, సంబంధం లేదని పైనే రాయండి అని ముందు ఒక ఉత్తరం రాస్తే చాలా గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఉద్యోగాల పేరుతో పెద్ద కంపెనీల పేర్లు వాడి నిరుద్యోగుల దగ్గర ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ గుంజేవారి సంగతి పూర్తిగా వేరు. అది నేరం. వేషం మార్చి మోసగించినందుకు ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. డేటా సెంటర్ పనులు ఊపందుకునే కొద్దీ శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి పిల్లలు ఇలాంటి సైట్లకు ఎర కావచ్చు. నగర పోలీసులు ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, ఆ సంస్థలతో మాట్లాడి అసలు నియామకాల చిరునామా ఏదో తెలుగులో ప్రకటించాలి. డబ్బు పోయినవారు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

వ్యాపారులకు సొంత పేరు కన్నా క్షేమమైనది లేదు. ‘వైజాగ్’ ఊరి పేరు, అది ఎవరైనా వాడుకోవచ్చు. దానికి ‘స్టీల్’ చేర్చితే మాత్రం అది ఉక్కు కర్మాగారం పేరు. మీ దుకాణం పేరు ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవడానికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయల ఫీజు. దరఖాస్తు మన రాష్ట్రాన్ని చూసే చెన్నై కార్యాలయానికి వెళ్తుంది. నమోదు పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. నగరంలోని వర్తక సంఘాలు, ఇంజినీరింగ్ కళాశాలలు, న్యాయ కళాశాల కలిసి నెలకొక రోజు ఉచిత సలహా ఏర్పాటు చేయాలని మేం కోరుతున్నాం. ఇప్పటికే నోటీసు చేతికందినవారు ధర అడుగుతూ జవాబు రాయొద్దు, సైట్ తొలగించి మాయమవ్వొద్దు. అది వచ్చిన తేదీ రాసిపెట్టుకుని, అందులో ఇచ్చిన గడువు (డాట్ కామ్ వివాద విచారణ అయితే 20 రోజులు) ముగిసేలోగా లాయరును కలవండి.