గాంధీధామ్‌లో ఆ పొద్దుట

గుజరాత్‌లో వచ్చిన భుజ్ భూకంపం మీద మీ వ్యాసంలో అహ్మదాబాద్ అపార్ట్‌మెంట్ల గురించి బాగా రాశారు. మేం అప్పుడు అక్కడే, కచ్ జిల్లా గాంధీధామ్‌లో ఉండేవాళ్లం. నాన్నది కాండ్లా పోర్టులో కూలిపని. శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు నుంచి మాలాంటి కుటుంబాలు ఇంకా ఉండేవి. 2001 జనవరి 26, పొద్దున్న 8:46. బడిలో జెండా పండగ అని తెల్ల బూట్లకి సుద్ద రాసుకుంటున్నాను. ముందు పెద్ద లారీ వస్తున్నట్టు మోత. తర్వాత ఫ్యాను ఊగి ఊగి శ్లాబుకి తగిలింది, గ్లాసులు గూట్లోంచి ఒక్కొక్కటే దూకాయి. "ఏటే ఇది!" అంటూ అమ్మ నన్ను రెక్క పట్టుకుని బయటికి లాగింది. మేడమీద ట్యాంకులో నీళ్లు తొణికి మెట్ల మీదుగా కారుతున్నాయి. పక్కనే ఉన్న అంజార్‌లో ఊరేగింపుగా వెళ్తున్న బడిపిల్లలు ఇరుకు సందులో ఇళ్లు మీద కూలి చనిపోయారని తర్వాత తెలిసింది.

చాన్నాళ్లు టార్పాలిన్ కిందే పడుకున్నాం. సోంపేటకి ఫోను కలవక మా మామ్మ అక్కడ అన్నం మానేసిందట.

2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరిచెట్లన్నీ పోయినా అమ్మ పెద్దగా బెదరలేదు. "ఇది చెప్పొచ్చింది కదే" అంది.

ఒక్క మాట. ఆ భూకంపం తీవ్రత 7.7 అన్నది నిజమేగానీ, అహ్మదాబాద్‌లో చాలా మేడలు కింద పార్కింగుకి స్తంభాలు మాత్రమే ఉంచడం వల్ల కూలాయి. శ్రీకాకుళంలో ఇప్పుడు కడుతున్నవీ అలాంటివే. ఆ సంగతి మీద కూడా ఒక వ్యాసం రాయండి.