మొగుడి పక్కన కూర్చుని భోంచేసిన ఎట్రుస్కన్ ఆడవాళ్ళ మీద కొన్ని తీవ్ర అభ్యంతరాలు

ఎట్రుస్కన్లంటే పూర్వం ఇటలీలో రోమన్ల పొరుగున బతికిన జనం. వాళ్ళ పేరెత్తితే చాలు, అందరూ వాళ్ళ బంగారు నగలనీ సమాధుల్లోని గోడబొమ్మలనీ తెగ మెచ్చుకుంటారు. అసలు సంగతి ఎవరూ ఎత్తరు. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలోనే, రోమ్‌కు పక్కనే, పెళ్ళయిన ఆడది నలుగురి ముందూ మొగుడి పక్కన ఒరిగి విందు ఆరగించింది. లోకం ఏమైపోవాలి?

సాక్ష్యం రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉంది. ఇటలీలోని చెర్వెతెరిలో దొరికిన కాల్చిన మట్టి శవపేటిక, క్రీ.పూ. 520 ప్రాంతానిది. మూత మీద ఆలుమగలు ఒకే మంచం మీద ఉన్నారు. ఆవిడ తలకు టోపీ, కాళ్ళకు కొనదేలిన బూట్లు. ఆయన చెయ్యి ఆవిడ భుజం మీద. ఆవిడేదో చెబుతున్నట్టు చేతులు ముందుకు చాపింది, ఆయన వింటున్నట్టే ఉన్నాడు. పైగా ఇద్దరూ నవ్వుతున్నారు. చచ్చాక కూడా కలిసి నవ్వే మొగుడూ పెళ్ళాలను అనుమానించకపోతే ఇంకెవర్ని అనుమానిస్తాం?

ఈ విషయంలో లోకం కళ్ళు తెరిపించినవాడు థియోపొంపస్ అనే క్రీ.పూ. నాలుగో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు. ఈ ఆడవాళ్ళు ఒంటిని శ్రద్ధగా చూసుకుంటారట, మగవాళ్ళతో కలిసి కసరత్తు చేస్తారట, బాగా తాగుతారట, చూడ్డానికి కూడా చాలా బాగుంటారట. (ఆ చివరి ముక్క చరిత్రకు ఎందుకు అవసరమైందో అడక్కండి.) పిల్లలకు తండ్రెవరో తెలియదని కూడా తేల్చేశాడు. ఆయన ఊహలో తప్పేమీ లేదు. గ్రీకు మగవాళ్ళ విందుల్లో ఇంటి ఇల్లాలికి చోటుండదు, అక్కడ కనిపించే ఆడవాళ్ళు డబ్బిచ్చి పిలిపించినవాళ్ళే. ఒక్కటే చిక్కు. తండ్రెవరో తెలియదన్న ఆ జనం సమాధుల మీద తండ్రి పేరు చెక్కించారు, చాలాచోట్ల పక్కనే తల్లి పేరు కూడా.

అంతేనా, ఆడపిల్లలకు రామ్‌థా, లార్థి, థానా అని ఎవరి పేరు వాళ్ళకు పెట్టారు. ఎంత దుబారా! రోమన్లు చూడండి, కొర్నీలియస్ ఇంట ఎంతమంది ఆడపిల్లలు పుట్టినా అందరూ కొర్నీలియాలే. తండ్రికి టెన్షన్ లేదు.

రోమ్‌లో క్రమశిక్షణ అలాంటిది. ఆడవాళ్ళు వైన్ తాగారేమోనని దగ్గరి చుట్టాలు ముద్దుపెట్టి వాసన చూసేవారని ప్లినీ అనే రోమన్ రచయిత రాశాడు. మన డ్రంక్ అండ్ డ్రైవ్ టెస్టే, కాకపోతే పైపు ఖర్చు లేదు. పీపాలోంచి వైన్ తాగిన పెళ్ళాన్ని ఎగ్నేషియస్ మెకేనియస్ కర్రతో కొట్టి చంపితే, సాక్షాత్తూ రోమ్‌ను స్థాపించాడని చెప్పే రొములస్ అతన్ని నిర్దోషి అన్నాడని కూడా ఆయనే చెప్పాడు. అదీ సంసారపక్షమంటే.

ఎట్రుస్కన్ల ఇల్లు అలా ఉంటే మతం ఇంకెలా ఉంటుంది? పిడుగుల శాస్త్రం నేర్పింది వెగోయా అనే ఆవిడ, పొలం హద్దులు జరిపితే పాపమన్నదీ ఆవిడే. టనాక్విల్ అనే ఎట్రుస్కన్ ఇల్లాలు మరీ ఘోరం. సొంత ఊళ్ళో పైకి రాలేని మొగుణ్ణి బయల్దేరదీసి రోమ్‌కు తెచ్చింది. దారిలో గద్ద ఒకటి ఆయన టోపీ ఎత్తుకుపోయి మళ్ళీ తలమీదే పెట్టింది. శకునం చదివి అర్థం చెప్పింది ఆవిడే. ఆయన నిజంగానే రాజయ్యాడు. తర్వాత ఆయన్ని చంపేస్తే, మేడమీది కిటికీలోంచి "రాజుగారికి దెబ్బ తగిలింది, అంతే, ఈలోగా సర్వియస్ చూసుకుంటాడు" అని జనానికి సర్దిచెప్పింది. ఆ సర్వియస్ తర్వాతి రాజు.

రోమన్లు చివరికి ఈ పద్ధతులన్నీ సరిచేశారు. క్రీ.పూ. 396లో ఎట్రుస్కన్ల వెయి నగరాన్ని గెలిచాక అక్కడి దేవత యూనిని, అంటే రోమన్లు జూనో అనే ఆవిడని, తరలించడానికి కొందరు కుర్రాళ్ళకు స్నానాలు చేయించి తెల్లబట్టలు కట్టించి పంపారు. వాళ్ళలో ఒకడు "అమ్మా, రోమ్‌కు వస్తావా?" అని అడిగాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. చూశారా, అడిగారు! విగ్రహం తల ఊపిందని పక్కనున్న కుర్రాళ్ళు కేకలేశారు. రోమ్‌లోని అవెంటైన్ కొండ మీద గుడి కట్టి కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఆవిడను ఇంకేమైనా అడిగినట్టు లివీ రాయలేదు.