పసిబిడ్డ రక్తపు చుక్కకూ అనుమతి అడగాలి

పుట్టిన ఒకటి రెండు రోజుల్లో పసిబిడ్డ మడమ గుచ్చి, కొన్ని చుక్కల రక్తాన్ని ఫిల్టర్ పేపర్ కార్డు మీద ఆరబెట్టడం అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్న పద్ధతే. 1960ల మొదట్లో అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ గత్రీ తెచ్చిన ఈ స్క్రీనింగ్ పరీక్ష ఫెనైల్‌కీటోనూరియా (ప్రోటీన్‌లోని ఒక భాగాన్ని శరీరం అరిగించుకోలేని పుట్టు జబ్బు) లాంటి జబ్బుల్ని లక్షణాలు కనిపించకముందే పట్టిస్తోంది. దాని పుణ్యమాని ఎందరో పిల్లల మెదడు దెబ్బతినకుండా నిలిచింది. పరీక్ష అయ్యాక కార్డు మీద మిగిలే చుక్కల్ని ఏం చేయాలన్న దగ్గరే పేచీ వస్తోంది.

ఆ చుక్కల్లో డీఎన్‌ఏ ఉంటుందని అందరికీ తెలుసు. ఆర్‌ఎన్‌ఏ కూడా మిగిలి ఉంటుందని తర్వాత తేలింది. బిడ్డకు ఏ జన్యువులు వచ్చాయో డీఎన్‌ఏలో ఉంటే, రక్తం తీసిన ఆ పూట ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో ఆర్‌ఎన్‌ఏ చెబుతుంది. ఇది త్వరగా చెడిపోయే పదార్థం. అయితే కాగితం మీద తడి ఆరిపోతే దాన్ని ముక్కలు చేసే ఎంజైముల జోరు తగ్గుతుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్రీజర్‌లో పెట్టకుండానే ఏళ్ల తరబడి ఉంచిన కార్డుల నుంచి కూడా పరిశోధకులు జన్యువుల పనితీరును కొలవగలిగారు. డెన్మార్క్ అయితే 1982 నుంచీ కార్డుల్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర భద్రపరుస్తోంది.

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు పట్టు తప్పే స్థితి) ఉందని తేలడానికి చాలామంది పిల్లల్లో ఏడాదో రెండేళ్లో పడుతుంది. అప్పుడు రక్తం తీస్తే అందులో జబ్బు ప్రభావం, మందుల ప్రభావం, మధ్యలో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ల ప్రభావం అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టం. పుట్టినప్పటి చుక్కలో ఆ గందరగోళం చాలావరకు ఉండదు. కొందరు పిల్లల్లో లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) దారితీసే జన్యుమార్పు తల్లి కడుపులోనే మొదలైందని 1997లో రుజువైంది ఈ కార్డులతోనే. అది డీఎన్‌ఏతో సాధ్యమైంది. ఆర్‌ఎన్‌ఏ ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లగలదు. ఇబ్బందులూ లేకపోలేదు. నవజాత శిశువు రక్తంలో హిమోగ్లోబిన్‌కు సంబంధించిన ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉండి మిగతా సంకేతాల్ని కప్పేస్తుంది. పాత కార్డునూ కొత్త కార్డునూ పక్కపక్కన పెట్టి పోల్చితే తేడా జబ్బుదో, నిల్వదో తెలియదు. అయినా ఈ పరిశోధన ఆగకూడదని మా గట్టి అభిప్రాయం.

అడగకుండా వాడుకోవడమే దాన్ని ఆపేస్తోంది. తల్లిదండ్రులకు చెప్పకుండా కార్డుల్ని దాచి పరిశోధనలకు ఇచ్చినందుకు టెక్సస్‌పై 2009లో దావా పడింది. రాజీలో భాగంగా 50 లక్షలకు పైగా నమూనాల్ని నాశనం చేయాల్సి వచ్చింది. మిన్నెసోటాలో 2011లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వివాదం సాగి, 2014లో సుమారు 11 లక్షల కార్డులు పోయాయి. ఒక్క సంతకం అడిగి ఉంటే వాటిలో చాలా భాగం ఈరోజు భద్రంగా ఉండేవి. ఆ పిల్లలు మళ్లీ పుట్టరు, ఆ రక్తం మళ్లీ దొరకదు.

సంతకం అడిగితే కొందరు వద్దంటారని, అలా వద్దనేవాళ్లలో కొన్ని వర్గాలవారే ఎక్కువైతే ఫలితాలు ఒకవైపు ఒరిగిపోతాయని పరిశోధకుల భయం. అందులో నిజం ఉంది. కానీ అనుమానంతో అసలు స్క్రీనింగ్ పరీక్షకే కుటుంబాలు దూరమైతే జరిగే నష్టం అంతకంటే పెద్దది. మిషిగన్ 2010 మే నుంచి పరిశోధనకు విడిగా అనుమతి తీసుకుంటోంది. మిగతావాళ్లూ ఆ దారి పట్టాలి. పురిటి నొప్పులతో ఉన్న తల్లి ముందు ఫారం పెట్టడం కాదు, గర్భిణిగా చెకప్‌కు వచ్చినప్పుడే తీరిగ్గా వివరించాలి. పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండాక నిర్ణయం వాళ్ల చేతికి రావాలి.

పోలీసుల సంగతి మరీ ముఖ్యం. న్యూజెర్సీలో ఒక పిల్లాడి చుక్క ద్వారా తండ్రిని పాత నేరం కేసులో పట్టుకోజూశారని 2022లో కోర్టుకు వెళ్లాకే బయటపడింది. అప్పటికి ఆ రాష్ట్రం కార్డుల్ని 23 ఏళ్లపాటు ఉంచుకునేది. 2024లో ఆ గడువును చాలా కార్డులకు రెండేళ్లకు కుదించింది. కానీ అది ఆరోగ్య శాఖ తీసుకున్న నిర్ణయమే, చట్టం కాదు; దాన్ని రేపు మరో శాఖాధిపతి మార్చేయొచ్చు. అందుకే స్క్రీనింగ్ చుక్కలు వైద్యానికీ, అనుమతి ఉన్న పరిశోధనకూ తప్ప ఎవరి చేతికీ వెళ్లకూడదని ప్రతి చట్టసభా చట్టంలోనే రాయాలి.