లెక్క తెలిసినవారే ముందు చెప్పాలి

2024 జూలై 31న, ఆ ఒక్కరోజే, దేశంలో దాదాపు 70 లక్షల ఆదాయ పన్ను రిటర్నులు దాఖలయ్యాయి. ఆ ఏడాది గడువులోగా అందిన 7.28 కోట్ల రిటర్నుల్లో ఇది ఇంచుమించు పదో వంతు. మరుసటి ఏడాది గడువును సెప్టెంబరు 15 దాకా జరిపారు. పోర్టల్ మొరాయిస్తోందన్న ఫిర్యాదులు హోరెత్తడంతో చివరి రాత్రి మరొక్క రోజు ప్రసాదించారు. దీన్నంతా జనం బద్ధకమని కొట్టిపారేయడం తేలికే. కానీ అలా అర్ధరాత్రి దాకా కంప్యూటర్ల ముందు కూర్చున్నవారిలో చాలామంది ప్రభుత్వానికి విన్నవించుకున్నది ప్రభుత్వానికి అప్పటికే తెలిసిన సంగతులే.

జీతంలో కోసిన పన్ను వివరాలను యజమాని మూడు నెలలకోసారి ఆదాయ పన్ను శాఖకు పంపుతాడు. డిపాజిట్ల మీద వడ్డీ, షేర్ల మీద డివిడెండు, మ్యూచువల్ ఫండ్ల అమ్మకాలు, స్థలాల రిజిస్ట్రేషన్లు వార్షిక సమాచార నివేదికలో వరుసగా కనిపిస్తాయి. 2021 నవంబరులో వచ్చిన ఈ ఏఐఎస్ పుణ్యమా అని, మనం మరిచిపోయిన పాత ఖాతాలోని వడ్డీ కూడా శాఖకు గుర్తుంటుంది. రిటర్ను ఫారం తెరిస్తే చాలా గళ్లు ముందే నిండి ఉంటాయి. ఇక మనం చేయవలసింది వాటిని ఓసారి చూసి, ఫోనుకు వచ్చిన ఓటీపీ నమోదు చేసి, ఔననడమే.

ఔననకపోతే ఏమవుతుంది? నెలకు 50 వేల రూపాయల జీతం తప్ప వేరే ఆదాయం లేని ఉద్యోగిని తీసుకుందాం. 2025 బడ్జెట్ ప్రకారం, మినహాయింపులు, రేట్లు రెండూ తక్కువగా ఉండే కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల దాకా పన్ను లేదు. జీతగాళ్లకు 75 వేల ప్రామాణిక తగ్గింపు కలిపితే 12.75 లక్షల దాకా లేదు. కనుక ఈ ఉద్యోగి కట్టవలసిన పన్ను సున్నా. అయినా ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను వేయడం తప్పనిసరి. తగ్గింపు పోగా మిగిలేది 5 లక్షలకు పైనే కాబట్టి గడువు దాటితే ఆలస్య రుసుము 5 వేలు. పైసా బాకీ లేని మనిషి, బాకీ లేనని సకాలంలో రాసివ్వనందుకు చెల్లించే మూల్యమిది.

ఈ అవస్థ కొత్తది కాదు. 1990ల చివర్లో కొన్ని నగరాల్లో ఇంట్లో టెలిఫోను ఉన్నా సరే రిటర్ను వేయాలన్నారు. ఫోను పెట్టించుకోవడమే సంపన్నతకు గుర్తుగా చెల్లిన రోజులవి! 2011లో మాత్రం ఒక మంచి ప్రయత్నం జరిగింది. ఒకే యజమాని వద్ద జీతం తీసుకుంటూ, మొత్తం ఆదాయం 5 లక్షలు, పొదుపు ఖాతా వడ్డీ 10 వేలు మించనివారికి రిటర్ను నుంచి మినహాయింపు ఇచ్చారు. రెండేళ్లు నడిపి, 2013లో ఎత్తేశారు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయడం సులువైంది కదా, ఇక మినహాయింపెందుకన్నది అప్పటి వాదన. మాకు ఆ వాదన తలకిందులుగా కనిపిస్తుంది. ఫారాన్ని తానే నింపగలిగినంత సమాచారం శాఖ చేతికి వచ్చాక, పౌరుణ్ని పిలవవలసిన అవసరం తగ్గాలి కదా?

అలాగని రిటర్నునే రద్దు చేయమనడం లేదు. దుకాణదారుకు, అద్దెలు వసూలు చేసుకునేవారికి, షేర్లలో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లేవారికి అది ఉండాల్సిందే. ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చి విదేశాల్లో ఉంటున్న తెలుగువారు, అద్దెలో ఎక్కువగా కోతపడిన పన్ను రాబట్టుకునేదీ దానితోనే. డీఏ, పీఆర్‌సీ బకాయిలు ఒకేసారి పడినప్పుడు ఆ భారాన్ని పాత సంవత్సరాలకు సర్దుకోవడానికి మన ఉపాధ్యాయులు 10ఈ ఫారంతో ఎంత కుస్తీ పడతారో తెలిసిందే. జీతంలో పన్ను కోసి, ఖజానాకు కట్టకుండా ఊరుకునే యజమానులూ ఉన్నారు. ఆ మోసం బయటపడేది తరచూ రిటర్ను వేసే వేళే. బ్యాంకు అప్పుకు, వీసాకు అదే ఆదాయ ధ్రువపత్రం కూడా.

మేము కోరేది వరస మార్చమని. జీతం, పింఛను, వడ్డీ మాత్రమే ఉన్నవారికి ఏటా శాఖే ముందుగా లెక్క కట్టి పంపాలి. బ్రిటన్‌లో 1944 నుంచి జీతంలోనే పన్ను సర్దుబాటు చేస్తూ రావడం వల్ల అక్కడి ఉద్యోగుల్లో అత్యధికులకు రిటర్నుతో పనే లేదు. న్యూజిలాండ్ 2019 నుంచి జీతగాళ్ల లెక్కలు తనంతట తానే తేల్చి పంపుతోంది.

ఇక్కడొక చిక్కుంది, దాన్ని దాటవేయలేం. లెక్క పంపాం, జవాబు రాలేదు, కాబట్టి ఒప్పుకున్నట్లే అని శాఖ అనుకుంటే? ఏఐఎస్‌లో ఒకే వడ్డీ రెండుసార్లు పడిన సందర్భాలున్నాయి. తల్లీకూతుళ్ల ఉమ్మడి డిపాజిట్ మీది వడ్డీ మొత్తం మొదటి పేరు మీదే చేరుతుంది. ఇంగ్లిషు సందేశం చదవలేక ఊరుకున్న వృద్ధురాలి మౌనం ఆమె మెడకు అప్పుగా చుట్టుకోకూడదు. అందుకే మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం, పన్ను సున్నా అయినప్పుడో, తిరిగి డబ్బు ఇవ్వవలసి వచ్చినప్పుడో మాత్రమే చెల్లాలి. అదనంగా ఒక్క రూపాయి అడగాలన్నా స్పష్టమైన సమ్మతి కావాలి. ఆ లెక్క తెలుగువారికి తెలుగులో అందాలి. తప్పు దొర్లితే సరిదిద్దే బాధ్యత దాన్ని పంపిన బ్యాంకుదీ, శాఖదీ.

మరో మేలూ ఉంది. ఇన్నాళ్లూ ఈ ఫారాల గజిబిజిలోనే రీఫండు దళారులు బతికారు. వచ్చినదాంట్లో ఇంత శాతం ఇస్తే చాలంటూ, కట్టని అద్దెలు, ఇవ్వని విరాళాలు చూపించి ఉద్యోగులను ఇరికించారు. 2025 జూలైలో ఇలాంటి బూటకపు తగ్గింపులపై ఆదాయ పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. కొత్త విధానంలో చాలా తగ్గింపులు లేవు కనుక దళారికి చేయడానికి పనే తక్కువ. 2024లో గడువులోగా రిటర్ను వేసినవారిలో 72 శాతం మంది ఆ విధానాన్నే ఎంచుకున్నారు.

1961 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2025 ఆదాయ పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో భాష తేలికపడింది, ఆదాయం వచ్చిన మరుసటి ఏడాదిని సూచించే అసెస్‌మెంట్ సంవత్సరం పోయి, ఆదాయం వచ్చిన ఏడాదినే చెప్పే పన్ను సంవత్సరం వచ్చింది. రిటర్ను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. 75 ఏళ్లు నిండిన పింఛనుదారులకు రిటర్ను వేయనక్కర్లేదంటూ 2021లో ఇచ్చిన వెసులుబాటు కూడా షరతుల్లో చిక్కుకుంది. పింఛను, వడ్డీ ఒకే బ్యాంకులో వస్తేనే అది వర్తిస్తుంది. పోస్టాఫీసులో ఓ డిపాజిట్ ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఎనభయ్యో ఏట కూడా ఆడిటరు గుమ్మం ఎక్కాలి. పోస్టాఫీసు కూడా ప్రభుత్వానిదే. వచ్చే బడ్జెట్‌లో ఆ ‘ఒకే బ్యాంకు’ షరతును, 75 ఏళ్ల హద్దును తీసేసి పని మొదలుపెట్టవచ్చు.