దోమల బ్యాటుతో ప్రకృతి ప్రేమ

జులైలో ఓ శని, ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు వెళ్లొచ్చాం. పగలు సీతాకోకచిలుకలు చూడటం, రాత్రి తెల్లబట్ట కట్టి లైటేసి రెక్కల పురుగులు చూడటం, ఇంతే పని. ఇందులో గొడవకేముందంటారా? మా బృందంలో ఒక అంకుల్ దోమల బ్యాటు తెచ్చుకున్నారు.

ఫుల్ ఛార్జింగ్‌తో.

పగలు ఆయన మీద అనుమానం రాలేదు. తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉప్పు పీల్చుకుంటుంటే "పాపం, దాహం" అని బాటిల్లో నీళ్లు వాటి మీద చల్లారు. అన్నీ లేచిపోయాయి. జాలిగుండె అనుకున్నాం.

రాత్రి ఎనిమిదికి బట్ట కట్టి బల్బు వేశారు. పురుగు ఎగిరేటప్పుడు వీపు ఆకాశం వైపు ఉంచుకుంటుంది, వెలుతురు ఎటుంటే అటే ఆకాశం దానికి, అందుకే బల్బుకి వీపు తిప్పబోయి దాని చుట్టూనే గిరగిరా తిరుగుతుంది. అంటే మనం దొంగ ఆకాశం చూపించి పిలిచామన్నమాట. పిలిచినవాళ్లకి కాస్త మర్యాద ఉండాలి కదా. అంకుల్ మాత్రం పెళ్లిలో పన్నీరు చల్లేవాడిలా బట్ట పక్కనే నిలబడి, వచ్చినదాన్ని వచ్చినట్టే... చట్. చట్. గైడు తన పుస్తకంలో పేరు సగం రాసేలోపే చట్. "ఏమండీ, ఆ మూల ఇంకోటి" అని ఆంటీ టార్చి వేసి చూపిస్తున్నారు.

"అంకుల్, వీటిని చూడ్డానికే కదా వచ్చాం?"

"చూస్తున్నా కదా బాబూ, మీద వాలకుండా చూస్తున్నా."

పదకొండింటికి అరచేయంత దసలి పట్టు పురుగొచ్చి వాలింది, రెక్కకో కన్నుతో. పెద్దయ్యాక దానికి తినే నోరు కూడా ఉండదు, బతికే ఆ కొద్ది రోజులూ జత కోసమే. మిమ్మల్ని కుట్టదు మహాప్రభో! అంకుల్ బ్యాటెత్తారు. ఒంటి మీద దసలి పట్టు లాల్చీ (అడవికి పట్టు లాల్చీ ఎవరేసుకొస్తారో నన్నడక్కండి). దాని గూడు కట్టుకుని దాన్నే కొట్టబోతున్న మనిషి చేతిలోంచి బ్యాటు లాక్కున్నాను. నాకూ కాస్త షాక్ కొట్టింది.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే, రిసార్టు కుర్రాడు వీపున పంపు తగిలించుకుని కరివేపాకు చెట్టుకి మందు కొడుతున్నాడు. నిన్న సాయంత్రం అదే చెట్టు మీద నల్ల సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంటే మేమంతా ఊపిరి బిగబట్టి ఫొటోలు తీశాం. అడిగితే, "గొంగళిపురుగులొస్తే గెస్టులు తిడుతున్నారు సార్, మేనేజరు కొట్టమన్నాడు." కుర్రాణ్ణి ఏమనగలం? కానీ గేటు మీద నిలువెత్తు సీతాకోకచిలుక బొమ్మ వేయించుకుని, దాన్ని చూపించడానికి తలకింత అని వసూలు చేసి, దాని పిల్లలకి విషం పోస్తారా! సిగ్గుండక్కర్లేదా? ఆకాశంలోంచి రెక్కలతో ఊడిపడుతుందనుకున్నారా అది? కరివేపాకు తినే ఆ పురుగే అది, మీరు పొద్దున్నే చంపినదే.

బస్సెక్కేటప్పుడు అంకుల్ వచ్చి, "బాబూ, నా బ్యాటు?" అన్నారు.

నా బ్యాగులోనే ఉంది. ఇవ్వలేదు.