మట్టి చవకే, ఉత్ప్రేరకం ఎన్నాళ్లు పనిచేస్తుంది?

బంకమట్టి మీద నికెల్ ఎక్కించిన ఉత్ప్రేరకం (చర్యను వేగవంతం చేసే పదార్థం) వాడి, ఆవిరితో గ్లిజరిన్ నుంచి హైడ్రోజన్ తీశామని చెప్పే పరిశోధనల్లో ‘నూరు శాతం మార్పిడి’, అంటే పంపిన గ్లిజరిన్ అంతా చర్యలో ఖర్చయిందన్న మాట తరచూ కనిపిస్తుంది. తప్పుదోవ పట్టించేది ఆ అంకే. రియాక్టర్ గొట్టంలో అవసరానికి మించి ఉత్ప్రేరకం నింపితే, ముందు భాగం చచ్చుబడిపోతున్నా వెనుక భాగం పని లాక్కొస్తుంది. పది, ఇరవై గంటల్లో పరీక్ష ఆపేస్తే లోపం బయటపడదు. మార్పిడిని 50–60 శాతం దగ్గర ఉంచి, వందల గంటలు నడిపిన ఫలితాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ముడిసరుకుకు కొదవ లేదు. వంద కిలోల బయోడీజిల్‌కు దాదాపు పది కిలోల గ్లిజరిన్ వస్తుంది. కాకినాడలోనూ ఈ పరిశ్రమ ఉంది. కిలో గ్లిజరిన్‌కు సిద్ధాంతపరంగా దాదాపు 153 గ్రాముల హైడ్రోజన్ రావాలి. 2023 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన గ్రీన్ హైడ్రోజన్ నిర్వచనంలో జీవపదార్థాల మార్గానికీ చోటు దక్కింది. కిలో హైడ్రోజన్‌కు ఉద్గారాలు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను మించకూడదన్నది షరతు.

చిక్కంతా మట్టి ఎంపికలో ఉంది. గుజరాత్‌లోని కచ్‌లో దొరికే బెంటొనైట్ బంకమట్టిలో ప్రధాన ఖనిజమైన మాంట్‌మొరిల్లొనైట్ పొరలు 600 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కూలిపోతాయి. మనకు కావాల్సిన చర్యేమో 550–700 మధ్య జరుగుతుంది. పైగా మట్టిలోని ఆమ్ల స్థానాలు గ్లిజరిన్‌లో నీటిని ఊడలాగి ఎక్రోలిన్ లాంటి రసాయనాలను పుట్టిస్తాయి. చివరికి అవే కోక్‌గా (మసిలాంటి కార్బన్ పూతగా) మారి నికెల్‌ను కప్పేస్తాయి. మెగ్నీషియం లేదా లాంథనం ఆక్సైడ్ కలిపితే ఆ ఆమ్లత్వం తగ్గుతుంది. స్పెయిన్‌లో విస్తారంగా దొరికే సెపియొలైట్ అనే బంకమట్టి సహజంగానే మెగ్నీషియం సిలికేట్. దాని పోగుల ఉపరితలం నికెల్‌ను బాగా పట్టుకుంటుంది కాబట్టి మొగ్గు దానివైపే చూపాలి.

పది శాతం నికెల్‌తో 10 గ్రాముల ఉత్ప్రేరకం కావాలంటే 9 గ్రాముల శుద్ధిచేసిన మట్టికి 4.95 గ్రాముల నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ తీసుకోవాలి. నీళ్లలో కరిగించి, మట్టితో కలియబెడుతూ ఇగిర్చి, 110 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టాలి. తర్వాత నెమ్మదిగా వేడి పెంచి 550 వద్ద నాలుగు గంటలు కాల్చాలి. విషపూరితమైన నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి కాబట్టి ఆ వాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. చివరగా 650 వద్ద, నైట్రోజన్ కలిపి పలుచన చేసిన హైడ్రోజన్‌తో క్షయకరణం, అంటే నికెల్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను తీసేసి లోహంగా మార్చడం. నికెల్ మట్టితో కలిసి సిలికేట్‌గా మారితే అంత వేడికీ పూర్తిగా లొంగదు. లొంగిన మేరకు మాత్రం రేణువులు చిన్నవిగా, చెదిరి ఉంటాయి.

ఆ చిన్నతనాన్ని కాపాడటమే కష్టం. 590 డిగ్రీల దగ్గర్నుంచే నికెల్ రేణువులు కదిలి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. కోక్‌ను వదిలించడానికి మామూలు గాలి పంపితే అది భగ్గున కాలి, వేడి అదుపు తప్పి, రేణువులు ఇంకా ముద్దకడతాయి. రెండు శాతం ఆక్సిజన్‌తో మొదలుపెట్టి నిదానంగా కాల్చాలి, మళ్లీ క్షయకరణం చేయాలి.

ముడి గ్లిజరిన్‌లో సబ్బు, మిథనాల్, సోడియం లేదా పొటాషియం లవణాలు ఉంటాయి. లవణాలు ఆవిరి కాక గొట్టాలను పూడుస్తాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తటస్థీకరించిన సరుకైతే అందులోని గంధకం నికెల్‌కు అంటుకుని దాని చురుకుదనాన్ని చంపేస్తుంది. ప్రయోగశాల సీసాలోని స్వచ్ఛమైన గ్లిజరిన్‌తో తేలిన ఫలితం ఫ్యాక్టరీకి పనికిరానిది ఇందుకే. ప్రజాధనంతో నడిచే ప్రతి ప్రాజెక్టూ ముడి గ్లిజరిన్‌తోనే పరీక్షించి, వాడకానికి ముందూ తర్వాతా నికెల్ రేణువుల పరిమాణాన్ని, గ్రాము ఉత్ప్రేరకంపై పేరుకున్న కోక్‌ను, మూడోసారి పునరుద్ధరించాక మిగిలిన చురుకుదనాన్ని వెల్లడించాలి.