హైబర్నేట్ వాడండి, లాగ్ కూడా చూడండి

నా కోపం హైబర్నేట్ మీద కాదు. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌ని నేర్చుకునే పని తప్పించుకోవడానికి దాన్ని వాడేవాళ్ల మీద.

జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లలో దాచి, అడిగినప్పుడు మళ్లీ ఆబ్జెక్టులుగా తెచ్చిచ్చే ఈ ఓపెన్ సోర్స్ లైబ్రరీని గావిన్ కింగ్ 2001లో మొదలుపెట్టాడు. అదే పనికి జావాలో అప్పట్లో వాడే ఎంటిటీ బీన్లతో విసిగిపోయినవాళ్లకి ప్రాణం లేచొచ్చింది. 2006లో వచ్చిన జేపీఏకి, అంటే ఈ పనికి జావా పెట్టుకున్న ప్రమాణానికి, దీని ఆలోచనలే చాలావరకు ఆధారం. గావిన్ కింగ్ మాత్రం ఎస్‌క్యూఎల్ మర్చిపొమ్మని ఎక్కడా చెప్పలేదు. ఆ మాట చెబుతున్నది మన కోచింగ్ సెంటర్లు. గునుపురం, పర్లాకిమిడి వైపు నుంచి బరంపురం వచ్చే పిల్లలు చురుకైనవాళ్లే. ఏ క్లాసు ఏ టేబులో హైబర్నేట్‌కి చెప్పే అనోటేషన్లు గడగడా రాస్తారు. రెండు టేబుళ్లు కలిపి జాయిన్ రాయమంటే దిక్కులు చూస్తారు.

దాని ఫలితం పట్టుచీరల షాపులో కనబడుతుంది. బరంపురంలో ఠాకురాణి యాత్ర పండగ ముందు కౌంటర్ దగ్గర నిలబడే చోటుండదు, బిల్లుల లిస్టేమో తెరుచుకోదు. "బాబూ, నొక్కితే తిరుగుతూనే ఉంది, జనం తిడుతున్నారు" అని ఓనర్ ఫోన్. సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాడు సర్వర్ చాలట్లేదు, పెద్దది తీసుకోమంటాడు. డేటాబేస్‌కి పంపిన ప్రశ్నలు (క్వెరీలు) నమోదయ్యే లాగ్ తెరిస్తే అసలు కథ తెలుస్తుంది. బిల్లుల కోసం ఒక క్వెరీ, ఆ తర్వాత ఒక్కో కస్టమర్ పేరు కోసం ఒక్కో క్వెరీ. మూడు వందల మంది కస్టమర్లుంటే మూడు వందల ఒకటి! బిల్లు నుంచి కస్టమర్‌కి ఉండే మెనీ టు వన్ (చాలా బిల్లులకి ఒకే కస్టమర్) సంబంధం జేపీఏలో డిఫాల్ట్‌గా ఈగర్. అంటే మీరు అడగకపోయినా తెస్తుంది. జాయిన్ ఫెచ్ అని ఒక్క మాట రాస్తే అంతా ఒకే క్వెరీలో వచ్చేది. దానికి కొత్త సర్వరెందుకు, ఓనర్ డబ్బు తగలెయ్యడానికా?

అలాగని "ఓఆర్‌ఎం (హైబర్నేట్ లాంటి లైబ్రరీలు) అంటేనే దండగ, ఎస్‌క్యూఎల్ అంతా చేత్తో రాయాలి" అనే సీనియర్లతోనూ నాకు పడదు. ఉన్నది ఒకటే చీర, రెండు కౌంటర్లలో ఒకేసారి బిల్లు కొట్టారనుకోండి. ఎంటిటీలో, అంటే టేబుల్‌కి జత చేసిన జావా క్లాసులో, వెర్షన్ కాలమ్ ఉంటే హైబర్నేట్ అప్‌డేట్ చేసేటప్పుడు పాత వెర్షన్ నంబర్ కూడా సరిచూస్తుంది. రెండో కౌంటర్ దగ్గరికొచ్చేసరికి ఆ నంబర్ మారిపోయి ఉంటుంది, ఒక్క వరస కూడా అప్‌డేట్ కాదు, ఎర్రర్ వస్తుంది. చీర ఇద్దరికి అమ్ముడుపోదు. చేత్తో రాసేవాళ్లలో ఎంతమంది ఈ జాగ్రత్త తీసుకుంటున్నారు? నేను చూసిన కోడ్‌లో అయితే తక్కువే.

ఇంకోటి, ఇది మరీ ఒళ్లు మండే విషయం. షాపులో నడుస్తున్న డేటాబేస్ మీద డీడీఎల్ ఆటోని, అంటే క్లాసులు చూసి హైబర్నేటే టేబుళ్లు మార్చే సెట్టింగ్‌ని, అప్‌డేట్‌లో పెట్టి వదిలేయడం. ఫీల్డ్ పేరు మారిస్తే అది పాత కాలమ్ పేరు మార్చదు, పక్కన కొత్తది ఖాళీగా పెడుతుంది. పాత ఫోన్ నంబర్లన్నీ పాత కాలమ్‌లోనే భద్రంగా ఉంటాయి, స్క్రీన్ మీద మాత్రం ఒక్కటీ కనబడదు. ఓనర్‌కేమో డేటా అంతా పోయిందని టెన్షన్. లైవ్‌లో దాన్ని వ్యాలిడేట్‌లో (సరిచూస్తుంది, ఏదీ మార్చదు) పెట్టి, టేబుల్ మార్పులన్నీ ఫ్లైవే లాంటి, మార్పులను వరసగా నడిపే టూల్‌తో మీరే రాసుకోండి. ఆల్టర్ టేబుల్ ఎలా రాయాలో తెలియదంటారా, ఈ ఆదివారం కూర్చుని నేర్చుకోండి.